తొమ్మిదో స్తంభం

టెలిఫోన్ అంటే జనానికి ఒక నల్ల పెట్టె. వేలు పెట్టి గుండ్రం తిప్పుతారు, అవతల ఎవరో పలుకుతారు, అంతే. మధ్యలో ఏం జరిగిందో ఒక్కడికీ పట్టదు. పట్టకపోతే పోనీ, పలకాల్సినవాడు పలకనప్పుడు మాత్రం మా మీద విరుచుకుపడతారు. ఇరవై ఆరేళ్ళు ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి నేను తేల్చుకున్నది ఒకటే. ఊళ్ళో ఫోన్ ఉన్న రెండు వేల ఇళ్ళలో ఫోన్ వాడటానికి తగినవాళ్ళు నలుగురుంటే గొప్ప.

ఆ మధ్యలో జరిగేది ఇదీ. మీరు నాలుగు తిప్పి వదిలితే, డయల్ వెనక్కి వచ్చేటప్పుడు లైను నాలుగుసార్లు తెగి కలుస్తుంది. తెగిన ప్రతిసారీ మా స్విచ్ రూమ్‌లో ఒక స్విచ్‌లోని ఇనుప కడ్డీ ఒక మెట్టు పైకెక్కుతుంది. నాలుగో మెట్టు మీద ఆగి, పక్కకు తిరిగి, ఖాళీ దారి దొరికేదాకా ఒక్కో తలుపూ తట్టి చూసినట్టు చూస్తుంది. దొరకగానే మిమ్మల్ని తరవాతి స్విచ్‌కి అప్పగిస్తుంది. అది మీ రెండో అంకెకు ఎక్కుతుంది. ఇలా నాలుగంకెలూ అయ్యేసరికి అవతలి ఇంట్లో గంట మోగుతుంది. మీరు ఫోన్ పెట్టేయగానే కడ్డీలన్నీ దబ్బున దిగిపోతాయి. ఇందులో మనిషి చెయ్యి ఎక్కడా లేదు, మాయా లేదు. ఇనుము, ఇత్తడి, కరెంటు, ఇంత నూనె.

మొదటి అంకెను అందుకునే స్విచ్‌లే మా దగ్గర నూట అరవై. నిలువెత్తు ర్యాకుల్లో వరసలుగా బిగించి ఉంటాయి. పొద్దున పదింటికి అవన్నీ ఎక్కుతూ దిగుతూ ఉంటే, కొత్తగా వచ్చినవాడికి రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టుంటుంది. నాకు మాత్రం ఒక్కో స్విచ్ విడివిడిగా వినిపించేది. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. ఆ ఊళ్ళో నాకున్న గొప్ప అదొక్కటే.

చెడిపోయిన స్విచ్‌ను పట్టుకోవడానికి అన్ని ఎక్స్ఛేంజ్‌లలోనూ పరీక్ష పెట్టె అని ఒకటుంటుంది. చక్రాల బండి మీద దాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఒక్కో స్విచ్‌కీ తీగ తగిలించి, ఒకటి నుంచి పది దాకా ఎక్కించి దించి, కాగితం మీద టిక్కు పెట్టుకోవాలి. నూట అరవై పూర్తయ్యేసరికి రెండు రోజులు పడుతుంది. అది చెవులు లేనివాళ్ళు వాడే ఊతకర్ర అనేవాణ్ణి. మా ఎక్స్ఛేంజ్‌లో ఆ పెట్టె నా టీ గ్లాసు పెట్టుకోవడానికి పనికొచ్చేది. దాని మూత మీద గుండ్రటి మరకలు లెక్కలేనన్ని. నేను చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడిచేవాణ్ణి, ఒకచోట ఆగేవాణ్ణి, చెయ్యెత్తి "ఇదీ" అనేవాణ్ణి. మూత తీస్తే అదే అయ్యేది. కొత్త కుర్రాళ్ళు, పాత ముసలాళ్ళు అందరూ నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. చేరినప్పటి నుంచీ అదే పద్ధతి, తప్పింది లేదు.

ఇక మా బావమరిది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పిండిమరలో పదిహేనేళ్ళు పనిచేసి, ఆ దుమ్ముకు ఛాతీ పాడుచేసుకున్నాడు. పది మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడాల్సిందే. మూడేళ్ళ కిందట మా ఆవిడ వాణ్ణి నా కింద స్విచ్ రూమ్‌లో వేయించమని పట్టు పట్టింది. నెల రోజులు చెవిలో జోరీగ. అప్పుడు నాకర్థమైందల్లా, ప్రతి భార్యకూ ఒక పనికిమాలిన తమ్ముడుంటాడనీ, వాణ్ణి మొగుడి నెత్తిన రుద్దేదాకా ఆవిడకు అన్నం సయించదనీ. సరే, రుద్దించుకున్నాను.

వాడికి పని రాదని అనను. కొక్కెం మార్చమంటే మారుస్తాడు, కాంటాక్టులు తుడవమంటే తుడుస్తాడు. కానీ నిటారుగా నిలబడడు. ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని ఆనుకునే ఉంటాడు. ర్యాక్ కనిపిస్తే చాలు, భుజం ఆనించి, అరచెయ్యి ఇనుప చట్రం మీద పరిచి, కళ్ళు సగం మూసుకుంటాడు. మా స్విచ్ రూమ్ పైకప్పును ఎనిమిది స్తంభాలు మోస్తున్నాయి. అందరూ వీణ్ణి తొమ్మిదో స్తంభం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే.

అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. నేను చప్పుడు వింటూ వరసల మధ్య నడుస్తుంటే, సరిగ్గా నేను ఆగాల్సిన చోటే వీడు అడ్డం. జరగరా పక్కకి అని గదిమితే నెమ్మదిగా జరిగేవాడు. వాడి భుజం ఉన్నచోట మూత తీస్తే చెడ్డ స్విచ్ అదే. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఇంత పెద్ద గదిలో వెతుక్కుని మరీ పాడైపోయినదాన్నే ఆనుకుంటాడు, అది వాడి జాతకం అని పదిమందిలో చెప్పి నవ్వించేవాణ్ణి. వాడూ నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది.

ఇంట్లో మా ఆవిడ గొంతు పెద్దదైంది కూడా ఆ రోజుల్లోనే. నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఉప్పు అందించమన్నా వీధి చివరిదాకా వినబడేటట్టు అడగడం మొదలుపెట్టింది. వయసు పెరిగితే కొందరికి కండలు, కొందరికి గొంతు అనుకున్నాను. అలారం గడియారాలు రెండు కొన్నాను. రెండూ మోగలేదు. రెండోదాన్ని తీసుకెళ్ళి గడియారాల కొట్టువాడి బల్ల మీద పడేసి, నాలుగు మాటలు కడిగి వచ్చాను. వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నా వంక అదోలా చూశాడు. దొంగచూపు అనుకున్నాను.

మా ఆఫీసరును గుండుసూది అనేవాళ్ళం. ఏ కాగితాన్నైనా మరో కాగితానికి గుచ్చందే చదవలేడు. స్విచ్ రూమ్‌లోకి ఏడాదికోసారి వచ్చేవాడు, అదీ చెవుల్లో దూది పెట్టుకుని. ఆయన ఒక రోజు నన్ను పిలిచి, పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్నాడు. స్విచ్ రూమ్‌లో ఒక మనిషి ఎక్కువున్నాడట, ఒకర్ని కింద కేబుల్ గదికి మార్చాలట, ఎవరన్నది హెడ్ మెకానిక్‌గా నేనే రాసివ్వాలట.

కేబుల్ గది మా భవనం కింద ఉన్న నేలమాళిగ. ఊరి తీగలన్నీ సీసపు తొడుగుల్లో మట్టి కింద నుంచి వచ్చి అక్కడ తేలతాయి. కిటికీ లేదు. గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తూనే ఉంటాయి, నేల మీద ఎప్పుడూ ఇంత తడి. అక్కడ పనిచేసి రిటైరైన ఇద్దరూ దగ్గుతూనే రిటైరయ్యారు, అందులో ఒకాయన రిటైరైన ఏడాది కూడా బతకలేదు. ఛాతీ బాగాలేనివాణ్ణి అక్కడికి పంపడమంటే ఏమిటో నాకు తెలుసు. తెలియక రాశానని చెప్పుకోను.

స్విచ్ రూమ్‌లో నా కింద ఉన్న మిగతా ఇద్దరిలో ఎవరి పేరైనా రాయొచ్చు. ఇద్దరూ గట్టి ఊపిరితిత్తుల ఆసాములు, గట్టి సోమరులు కూడా. కానీ సొంత బావమరిదినే పంపాడు చూశావా, ఎంత నిక్కచ్చి మనిషో అని పదిమందీ అనుకుంటే వినాలని ఉంది నాకు. రాశాను. "ఈ మనిషికి యంత్రం చప్పుడు తెలియదు. పనివేళల్లో ఏదో ఒకదాన్ని ఆనుకుని ఉంటాడు. ఇతను లేనందువల్ల స్విచ్ రూమ్‌కి లోటేమీ ఉండదు." చివరి వాక్యం నాకెంతో నచ్చింది. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాను. గుండుసూది దాన్ని ఉత్తర్వుకు గుచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మంచం అంచున కూర్చుంది. తరవాత, "వాడు లేకుండా మీరు అక్కడ..." అని ఆగిపోయింది. నేను అక్కడ ఏమిటి అన్నాను. ఏం లేదంది. వాడి ఛాతీ సంగతి గుర్తుండే రాశారా అని మాత్రం అడిగింది. ఉద్యోగంలో చుట్టరికాలు చూడకూడదని చెప్పాను. ఎంత చక్కగా చెప్పానో అనుకున్నాను కూడా.

బావమరిది మర్నాడే సామాను సర్దుకున్నాడు. తన తుడుపుగుడ్డ, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చి, మూడో వరసలో కింది స్విచ్‌లు ఒకసారి పెట్టెతో పరీక్ష చేయించండి బావా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు పెట్టె చెబుతాడా వీడు? ఊతకర్ర నీకు కావాలేమో పట్టుకుపో అన్నాను. వాడు తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

వాడు కిందికి వెళ్ళిన పదకొండో రోజున ఆసుపత్రి ఫోన్ గొడవ మొదలైంది. ఆసుపత్రి నంబరు నాలుగు రెండు ఒకటి ఏడు. అది తిప్పినవాళ్ళలో కొందరికి మూడు రెండు ఒకటి ఏడు పలికేది. ఆ నంబరు ఒక దర్జీది. మొదటి స్విచ్ నాలుగు మెట్లు ఎక్కాల్సింది మూడెక్కి ఆగిపోతే అంతే అవుతుంది, ఇందులో బ్రహ్మవిద్య లేదు. నూట అరవైలో ఒక్కటి అలా చేస్తోంది. మీ ఫోన్‌కు ఎప్పుడు ఏ స్విచ్ దొరుకుతుందో మీ అదృష్టం. ఒకసారి తప్పు పడినవాడు పెట్టేసి మళ్ళీ తిప్పితే వేరే స్విచ్ దొరికి సరిగ్గా వెళ్ళేది. కాబట్టి నాలుగుతో మొదలయ్యే మిగతా నంబర్లవాళ్ళు నోరు మూసుకుని మళ్ళీ తిప్పుకున్నారు. ఆసుపత్రికి చేసేవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది?

దర్జీ రోజుకు పదిసార్లు మాకు ఫోన్ చేసి తిట్టేవాడు. ఒకాయన ఊపిరాడటం లేదు, బండి పంపండి అంటే ఇతగాడు తీరిగ్గా కొలతలు ఇచ్చారా అని అడిగాడట, ఆ తరవాత సంగతి తెలిసి కంగారులో గుడ్డ వంకరగా కత్తిరించాడట. ఒకావిడ నొప్పులు మొదలయ్యాయని చెప్పి, వస్తున్నారుగా వస్తున్నారుగా అని ఏడ్చి, ఇతను సమాధానం చెప్పేలోపే పెట్టేసిందట. ఆవిడ ఇల్లెక్కడో తెలియక రోజంతా కుదురు లేకుండా తిరిగానని చెప్పాడు. తప్పు నంబరని వెంటనే చెప్పొచ్చుగా అని నేను కసిరాను. మర్నాడు ఆసుపత్రి పెద్ద డాక్టరు గుండుసూదికి ఉత్తరం రాశాడు. గుండుసూది దాన్ని దర్జీ ఫిర్యాదుకు గుచ్చి నా ముందు పెట్టాడు.

రెండు రోజులు నడిచాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు వెనక్కి కట్టుకుని, ఒకటో వరస, రెండో వరస, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. అన్నీ బాగానే వినిపించాయి. నాకు ఒళ్ళు మండింది అందుకే. ఎక్కడా ఏ తేడా లేదు. జనానికి డయల్ చివరిదాకా తిప్పడం చేతకాదన్నాను. ఆసుపత్రికి చేసేవాళ్ళు కంగారులో నాలుగును మూడుగా తిప్పుతున్నారన్నాను. దర్జీ తాగుతాడేమో కనుక్కోమన్నాను. మా ఇద్దరు సోమరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోనీ పెట్టె తీయమంటారా అని ఒకడు అడిగాడు. ముందు దాని మీది గ్లాసు కడుగు అన్నాను.

మూడో రోజు పదకొండింటికి గుండుసూది స్వయంగా వచ్చాడు, చెవుల్లో దూదితో. వెనక దర్జీ. ఆఫీసు గదిలోంచి కదలనని భీష్మించుకు కూర్చున్నాడట, ఆ మహాయంత్రం ఏదో చూపిస్తే గాని పోనన్నాడట. మెడలో టేపు, చొక్కాకు గుచ్చిన సూదులు, దారప్పోగులు అంటిన లాగు. నడుములు కొలుచుకునే మనిషి నా స్విచ్ రూమ్‌లో అడుగుపెట్టాడు. అక్షరం ముక్క చదవనివాడికి గ్రంథాలయం చూపించినట్టే అనుకున్నాను. అయినా ఆఫీసరు ముందు మర్యాదగా, చూడండి, మీకు అర్థమైనంత చూడండి అన్నాను.

అతను మొదట చెవులు మూసుకున్నాడు, తరవాత తెరిచాడు. మొదటి వరసలో మెల్లగా నడిచాడు. రెండో వరసలో నడిచాడు. మూడో వరస చివర ఆగి వంగాడు. అక్కడే గొంతుక్కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని. గుండుసూది గడియారం చూసుకున్నాడు. నేను గుండుసూదిని చూసి నవ్వాను.

"ఇది కుట్టు వదిలేస్తోంది" అన్నాడు దర్జీ. కింది వరసలో ఒక స్విచ్‌ను వేలితో చూపించాడు. "మూడు దెబ్బలు పడుతున్నాయి. నాలుగోది ఉత్తిదే, చిన్నగా జారినట్టు టిక్కుమంటోంది. మా మిషనులో సూది మొద్దుబారితే ఇంతే."

నేను పగలబడి నవ్వాను, గుండుసూది దూదిలోంచి కూడా వినబడేటట్టు. ఇలాంటివాళ్ళకు ఒకసారి బుద్ధి చెబితే మళ్ళీ రారు. రండి, కళ్ళారా చూడండి అని స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పాను. కడ్డీ మీద పది పళ్ళుంటాయి, కొక్కెం ఒక్కో పన్నునూ పట్టుకుని కడ్డీని పైకి లేపుతుంది. నాలుగో పన్ను అరిగి అద్దంలా మెరుస్తోంది.

పరీక్ష ఫోన్ తీగను ఆ స్విచ్‌కే తగిలించి, సోమరుల్లో ఒకణ్ణి నాలుగు తిప్పమన్నాను. చెవి స్విచ్‌కు జానెడు దూరంలో పెట్టాను. కడ్డీ ఒక మెట్టు ఎక్కింది, రెండు, మూడు. నాలుగోసారి కొక్కెం పన్ను మీద జారడం కళ్ళతో చూశాను. మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ జారింది. మిగతా చప్పుళ్ళన్నీ వినబడుతున్నాయి, పెద్దవి, మొద్దువి. ఆ చిన్న టిక్కు మాత్రం లేదు. దర్జీకి నిలబడ్డచోటికే వినిపించింది. నాకు జానెడు దూరంలో లేదు.

దర్జీ గొప్పలు పోతాడని చూశాను. పోయుంటే బాగుండేది, హాయిగా అసహ్యించుకునేవాణ్ణి. పోనీలెండి, దొరికిందిగా, కొట్లో మనుషులు ఎదురుచూస్తున్నారు అని వెళ్ళిపోయాడు. గుండుసూది ఆ స్విచ్ నంబరు ఒక చీటీ మీద రాసుకుని ఉత్తరానికి గుచ్చుకున్నాడు.

నేను బ్యాటరీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. చేతి గడియారం విప్పి ఎడమ చెవికి ఆనించాను. ఏమీ లేదు. ఆగిపోయిందేమోనని చూశాను, సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. కుడి చెవికి పెట్టుకున్నాను. పక్కింట్లో ఎక్కడో నడుస్తున్నట్టు కాస్త వినిపించింది. గడియారాల కొట్టువాడి చూపు గుర్తొచ్చింది. మూడో వరస, కింది స్విచ్‌లు అన్న మాట గుర్తొచ్చింది. నాకు భయం వేసింది. ఆ ముందు ఎప్పుడు భయపడ్డానో గుర్తు లేదు.

కేబుల్ గది మెట్లు దిగాను. మా బావమరిది ఒక చెక్క పీట మీద కూర్చుని సీసపు తొడుగును గుడ్డతో తుడుస్తున్నాడు. రెండు వారాల్లో మొహం పీక్కుపోయింది. నన్ను చూసి లేవబోయి, దగ్గొచ్చి, మళ్ళీ కూర్చుని గోడకు చెయ్యి ఆనించాడు. ఆ దగ్గు ఎంతసేపు సాగిందో చూస్తూ నిలబడ్డాను.

"నాకు వినపడదని నీకెప్పట్నుంచి తెలుసురా?" అన్నాను.

వాడు గుడ్డ మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు. "అక్కకు ముందే తెలుసు బావా" అన్నాడు. "అందుకే నన్ను చేర్పించింది."

ఆ తరవాత కొంచెం కొంచెంగా చెప్పాడు, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ. మా ఆవిడ ఒక పొద్దున నా పక్కన అలారం మోగి మోగి ఆగిపోవడం చూసిందట. నేను కళ్ళు తెరిచే పడుకుని ఉన్నానట. ఆ రోజే వీడి దగ్గరికి పిండిమరకు వెళ్ళిందట. అప్పటికి మర యజమాని వీణ్ణి దుమ్ములోంచి తప్పించి, బయట కాటా దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతానన్నాడట. నాలుగు రోజుల్లో ఆ కుర్చీ ఎక్కాల్సినవాడు అక్క మాట మీద అది వదులుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను వాణ్ణి నెత్తిన రుద్దించుకున్నానని చెప్పుకున్న నెల అదే.

"నాకు మీలాంటి చెవి లేదు బావా. చట్రం మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది, మరలో రాయి అరిగినా అంతే. దొరికాక అక్కడే ఆనుకుని ఉండేవాణ్ణి, మీరు వచ్చేదాకా."

నోరు తెరిచి చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా అని అడిగాను. అప్పటికీ నా గొంతులో కోపమే వచ్చింది, ఇంకేమీ రాదు నాకు.

"పదిమంది ముందు ఎలా చెప్పను?" అన్నాడు. "దొరికిందని చెయ్యెత్తి చూపించేటప్పుడు మీ మొహం మీరు చూసుకోలేదు. నేను చూశాను."

నేను చాలామందిని చిన్నచూపు చూశాను. చందాదారుల్ని, ఆఫీసర్లని, దర్జీని, గడియారాలవాణ్ణి, కట్టుకున్నదాన్ని. అందరిలోకీ తక్కువగా చూసిన మనిషి మూడేళ్ళపాటు నా పరువును భుజంతో మోశాడు. నేను వాడిని తడిగోడల మధ్యకు తోసి, ఆ తోసిన వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని మురిశాను. సిగ్గేసింది. ఇంతకంటే అందంగా చెప్పడానికి ఏమీ లేదు, సిగ్గేసింది.

నేరుగా గుండుసూది గదికి వెళ్ళాను. నాకు సరిగ్గా వినపడటం లేదనీ, బావమరిది మీద నేను రాసింది తప్పనీ, వాణ్ణి వెనక్కి తీసుకురావాలనీ చెప్పాను. ఆయన విసుగ్గా ఒక ఫైలు తెరిచాడు. స్విచ్ రూమ్ పనుల జాబితా అది. వేలు పెట్టి పై నుంచి కింది దాకా చదివాడు.

"వినడమా? అది మీ పనుల్లో ఎక్కడా లేదే" అన్నాడు. "పరీక్ష పెట్టెతో తనిఖీ చేయవలెను అని ఉంది. పెట్టె ఉందిగా, దాంతో చేసుకోండి."

ఇరవై ఆరేళ్ళు నేను కిరీటంలా పెట్టుకు తిరిగినదాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదన్నమాట. నాకు నవ్వొచ్చింది. అంతకంటే ముందు, దాచడమెందుకు, ఆశ కూడా వచ్చింది. నోరు మూసుకుని బయటికి వెళితే నా గదీ, నా ర్యాకులూ, హెడ్ మెకానిక్ అన్న పేరూ ఎక్కడికీ పోవు. పెట్టె మీది మరకలు తుడిస్తే చాలు. తలుపు దాకా నడిచాను కూడా. కింద దగ్గే మనిషి దగ్గుతూనే ఉంటాడు, అంతే కదా. ఆ దగ్గు నా దాకా వినపడను కూడా వినపడదు.

వెనక్కి వచ్చి, మరి బావమరిది సంగతేమిటని అడిగాను. లెక్క ప్రకారం కేబుల్ గదిలో ఒక మనిషి ఉండాలి, వాడు వస్తే ఇంకొకరు దిగాలి అన్నాడు గుండుసూది. నన్ను పంపండి అన్నాను. హెడ్ మెకానిక్‌ను కేబుల్ గదికి పంపే పద్ధతి లేదనీ, హోదా వదులుకుంటానని రాసిస్తే తప్ప కుదరదనీ, వదులుకుంటే మళ్ళీ రాదనీ చెప్పాడు. పోతే పోయిందన్నాను. కారణం కావాలన్నాడు. కాగితం తీసుకుని, నాకు వినపడదు అని రాశాను. ఇంకేమైనా చేర్చండి, బోసిగా ఉంది అన్నాడు. బావమరిదికి పని బాగా తెలుసు, నాకంటే బాగా తెలుసు అని చేర్చాను. ఆయన దాన్ని నా పాత కాగితంతో కలిపి గుచ్చుకున్నాడు. ఒక్కసారైనా తలెత్తి నా మొహం చూడలేదు. చూసే మనిషైతే నేను రాసేవాణ్ణి కాదేమో.

సాయంత్రం ఇంటికి వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చెప్పులు కూడా విప్పలేదు. దర్జీ సంగతి చెప్పాను, గడియారం సంగతి చెప్పాను, రేపటి నుంచి తమ్ముడు పైన, నేను కింద అని చెప్పాను. నీకు తెలుసట కదా అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగే ఉంది. చేతిలో గరిటె ఆగింది. భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. ఏదో అంది.

నాకు అందలేదు. మూడేళ్ళుగా అరిచి అరిచి మాట్లాడిన మనిషి, ఇక దాచాల్సింది లేదని కాబోలు, తన మామూలు గొంతుతో అంది. ఇలాంటప్పుడు ఇదివరకు నేను ఊఁ అని ఊరుకునేవాణ్ణి, లేదంటే సణక్కు అని కసిరేవాణ్ణి.

"ఏమన్నావు?" అని అడిగాను.

ఆమె గిరుక్కున తిరిగి నన్ను చూసింది. ఆ మాట నా నోట ఎప్పుడూ వినలేదు మరి. గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, నాకు దగ్గరగా వచ్చి కుడివైపు నిలబడింది.

"అక్కడ మీ పక్కన ఎవరుంటారు అన్నాను."

ఎవరూ ఉండరన్నాను. కేబుళ్ళు చప్పుడు చేయవు, అక్కడ వినాల్సిందేమీ లేదన్నాను.